మేస్త్రి సిల్కు

ఆ గుడ్డల అసలు పేరు నా నోటికి చాలాకాలం తిరగలేదు. మా బట్టల ప్రింటింగు షెడ్డు సేటు వాటిని "మేసెన్ సిల్క్" అనేవాడు. జపాను మాట. అది ఆఫీసు గది దాటి ప్రింటింగు బల్లల దగ్గరికి వచ్చేసరికి "మేసన్" అయింది. మేసన్ అంటే గోడ కట్టే మేస్త్రి కదా, మర్నాటికల్లా "మేస్త్రి సిల్కు" అయి కూర్చుంది. "అన్నా, మేస్త్రి సిల్కు మూట ఇప్పిన్రా?" అని అడిగేవాళ్లు షెడ్డులో కుర్రాళ్లు. జపానులో తాపీ పనివాళ్లు కట్టుకునే బట్ట కాబోలు అని నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. పట్టు కట్టుకుని ఇటుకలు మోసే దేశం ఎంత సుఖంగా ఉంటుందో అని చాయ్ తాగుతూ నవ్వుకునేవాళ్లం. ఈ కథలో హాయిగా నవ్వుకున్నది ఆ కాస్తే, అందుకే దాన్ని ముందు చెప్పేశాను.

అంతకు ముందు నేను బోర్డులు రాసే పెయింటర్ని. సంగారెడ్డిలో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. అక్షరం రాశాక ఆయన ముక్కు ఆనించేంత దగ్గరగా వచ్చి దాని అంచు చూసేవాడు. రంగు వెంట్రుకవాసి బయటికి జారినా బోర్డు మొత్తం తుడిపించేవాడు. తిట్లు తిని తిని నా గీత బ్లేడుతో కోసినట్టు తయారైంది. తొంభైల మొదట్లో పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా కంపెనీలు లేస్తున్నాయి. ప్రతి కంపెనీకీ గేటు మీద పేరు కావాలి, గోడ మీద "పొగ తాగరాదు" కావాలి, ట్యాంకు మీద పుర్రె బొమ్మ కావాలి. కంది ఊరు దాటి ఇటు వస్తుంటే కనిపించే పుర్రెల్లో చాలా వాటికి పళ్లు పెట్టింది నేనే. పళ్లు బాగా పెడతానని నాకు పేరు కూడా ఉండేది.

నేను ఆ కంపెనీల పేర్లు రాసి అన్నం తింటుంటే, ఆ కంపెనీలు మా పొలాన్ని తిన్నాయి. మాది వాగు ఒడ్డు ఊరు. వాగు నీళ్లు మొదట పసుపు తిరిగాయి, తర్వాత డికాక్షన్ రంగుకు వచ్చాయి, ఆ తర్వాత ఏ రంగో చెప్పలేని రంగయ్యాయి. నాటిన నారు నిలబడ్డచోటే మాడిపోయేది. బర్రెల కడుపులో దూడలు నిలిచేవి కావు. మా నాయిన గట్టు మీద కూర్చుని వాగును నోటికొచ్చినట్టు తిట్టేవాడు గానీ కంపెనీలను ఒక్క మాట అనేవాడు కాదు. ఎందుకంటే మా తమ్ముడు అప్పటికే ఒక మందుల కంపెనీలో చేరిపోయాడు. వాడు ఇంటికి వస్తుంటే వాడికన్నా ముందు వాసన గుమ్మం దాటి వచ్చేది. స్నానం చేసినా పోయేది కాదు, అన్నం కలుపుకుంటుంటే కంచంలో నుంచి కూడా అదే.

"నిన్ను గూడ పెట్టిస్తడట తమ్ముడు. డ్రమ్ముల కాడ మనిషి గావాల్నట. గీ బొమ్మల పని ఇంకెన్నొద్దులు జేస్తవ్ రా?" అని నాయిన ఎప్పుడు ఖాళీగా దొరికితే అప్పుడు మొదలుపెట్టేవాడు.

"నేను బోను నాయినా. గీస్కుంటనే బతుకుత" అనేవాణ్ని.

అంతకు మించి నాకు ఆశలేమీ లేవు. పొలం చేతిలో ఉండీ లేనట్టే. వాగు మాది కాకుండా పోయింది. తమ్ముడు ఒంటికి పట్టిన వాసన కూడా వాడిది కాదు. ఈ చెయ్యి ఒక్కటి నాది. అది కూడా డ్రమ్ములు దొర్లించడానికి పోతే ఇక నాదనేది ఏదీ ఉండదని నాకు భయం. మిగతావాళ్లు ఆకలికి భయపడితే నేను దీనికి భయపడ్డాను, దాన్ని పొగరు అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఒక బట్టల ప్రింటింగు షెడ్డు గేటు మీద పేరు రాస్తుంటే సేటు బయటికి వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "నీ చెయ్యి మిషన్ లెక్కున్నది భాయ్. లోపల్నే ట్రేసింగ్ పనున్నది, జేస్తవా?" అన్నాడు. ట్రేసింగ్ అంటే నిజానికి కాపీ కొట్టడమే. కింద నుంచి దీపం వెలిగే గాజు బల్ల ఉంటుంది. దాని మీద డిజైను, దాని పైన పారదర్శకమైన ఫిల్ము. డిజైనులో ఎరుపు ఉన్నంత మేర ఒక ఫిల్ము మీద నల్లసిరాతో నింపాలి, నీలం ఉన్నంత మేర ఇంకో ఫిల్ము మీద. ఒక్కో ఫిల్ము నుంచి ఒక్కో స్క్రీను, అంటే చట్రానికి బిగించిన జల్లెడ గుడ్డ, తయారవుతుంది, ఒక్కో స్క్రీను బట్ట మీద ఒక్కో రంగు అద్దుతుంది. వానలొస్తే బోర్డు పని ఆగిపోయే బతుకు నాది. ఇక్కడ ఎండా వానా లేదు, పైగా గీతపనే. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ ఆ పూట సేమియా వండింది. నాయిన కూడా తిన్నాడు.

చేరిన కొత్తలో చీరల పూలూ, మామిడిపిందెలూ గీశాను. వాటిలో కష్టమూ లేదు, ఇష్టమూ లేదు. తర్వాత ఒకరోజు మేస్త్రి సిల్కు మూట వచ్చింది.

మూట విప్పగానే కలరా ఉండల వాసన షెడ్డంతా నిండింది. లోపల ఉన్నవి పూర్తి కిమోనోలు కావు. కుట్లు విప్పేసి, పొరలు పొరలుగా మడతపెట్టిన పట్టు పట్టీలు. ఒక్కోటి జానెడున్నర వెడల్పు, పొడుగు మాత్రం బారలకు బారలు. కిమోనోకు బట్టను వంకర్లు తిప్పి కత్తిరించరట. నిలువు పట్టీలే కలిపి కుడతారట, అందుకని విప్పితే మళ్లీ తాను లాగే సాపుగా అవుతుంది. కుట్టు లోపలికి పోయినచోట రంగు కొత్తగా మెరుస్తోంది, పైన ఉన్నచోట వెలిసింది. కొన్ని పట్టీలకు మెడ దగ్గర ఆనేచోట మట్టి రంగు చార ఉంది. చెమట చార. ఎవరో ఆడమనిషి మెడ అది. మా షెడ్డులో దాన్ని చూసి ఒకాయన చేతులు కడుక్కుని వచ్చాడు, చచ్చినవాళ్ల బట్టలేమోనని. నాకు మాత్రం ఎందుకో ఆ చార దగ్గర వేలు పెట్టాలనిపించింది, పెట్టాను.

డిజైన్లు చూస్తే మతిపోయింది. ఊదా నేల మీద అరచెయ్యంత గళ్లు, ఆ గళ్లను అడ్డంగా నరికినట్టు నల్ల మెరుపులు. బాణాల ఈకలు వరసలు వరసలుగా పైకీ కిందికీ. ఏ తోటలోనూ పుయ్యని నీలం పూలు, పళ్లెమంత పెద్దవి, రేకులు సగానికి తెగి పక్క పట్టీలోకి పోయినవి. ఒకదాని మీద రేడియో నుంచి శబ్దం వస్తున్నట్టు వలయాలు. "గిది బొంబాయి కొత్త ఫ్యాషనా సేట్?" అని అడిగాను. సేటు పడీపడీ నవ్వాడు. "కొత్తదా! మీ నాయిన పుట్టకముందుది భాయ్ గిది."

కొనే కంపెనీవాళ్లు తనకు చెప్పిన సంగతి సేటు నాకు చెప్పాడు. ఆ రోజుల్లో జపానులోకి రైళ్లు, రేడియోలు, ఎత్తు మేడలు, పరదేశపు బొమ్మలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయట. అక్కడి నేతవాళ్లు మన తాతలనాటి పూలే వేస్తాం అని భీష్మించుకుని కూర్చోలేదు. కళ్ల ముందు కనబడిన కొత్తదాన్నంతా పట్టు మీదికి ఎక్కించారు. ఇవి రాణులు కట్టుకునేవి కూడా కావట. బడికి పోయే ఆడపిల్లలు, ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్లు, దుకాణాల్లో నిలబడేవాళ్లు కొనుక్కున్న చవక పట్టు. అంటే మా వంటివాళ్లే. ఆ మాట విన్నాక నేను ఆ పట్టీలను ఇంకోలా చూశాను. ఎక్కడో మా లాంటి మనుషులు, వాళ్ల ఊరికి ఫ్యాక్టరీ వస్తే ఆ ఫ్యాక్టరీనే ఒంటి మీద వేసుకుని తిరిగారు. మా ఊరికి వస్తే మేం ముక్కు మూసుకున్నాం.

ఆ డిజైన్లను గీసి, సన్న సిల్కు స్కార్ఫుల మీద అచ్చువేసి బయటి దేశానికి పంపాలి. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాను. పాత బట్ట కదా, అంచులన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. గడి ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియదు, మధ్యలో రంగు పీచు పీచుగా లేచి ఉంది. ఉస్తాద్ చూస్తే కొట్టి ఉండేవాడు. నేను పాపం జపానువాళ్ల తప్పులన్నీ సర్దాను. ప్రతి గడినీ కత్తిలా కోశాను, ప్రతి మెరుపునూ సూదిలా చెక్కాను. అచ్చయి వస్తే సేటు భుజం తట్టి "కమాల్ జేసినవ్ పెయింటర్" అన్నాడు. షెడ్డంతా వచ్చి చూసి వెళ్లింది. ఆ సాయంత్రం సైకిలు తొక్కుతుంటే నాకు కాళ్లు ఉన్నట్టే తెలియలేదు.

నమూనాలు తిరిగొచ్చాయి. "జాన్ లేదంటున్నరు" అన్నాడు సేటు నీరసంగా. ప్రాణం లేదట. రంగులు సరిగ్గానే ఉన్నాయి, కొలత సరిగ్గానే ఉంది, మరి ప్రాణం ఎక్కడ పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇంకోసారి తిరిగొస్తే ట్రేసింగుకు సూరత్ నుంచి మనిషిని పిలిపిస్తానని సేటు మెల్లగా చెప్పాడు. డ్రమ్ముల యార్డు నా కళ్ల ముందు తిరిగింది.

తిరిగొచ్చిన స్కార్ఫూ, అసలు పట్టు ముక్కా అడిగి ఇంటికి తెచ్చుకుని మంచం మీద పక్కపక్కన పరిచాను. మా ఆవిడ చేతిలో చాటతోనే వచ్చి రెండూ చూసింది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"నీది బోర్డు లెక్కున్నదయ్య" అంది.

"ఏంది?"

"బోర్డు. పొగ తాగరాదు అన్నట్టున్నది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దంతా వెన్ను వంచి చేసిన పని మీద చాట పట్టుకుని తీర్పు చెబుతుందా అని ఎగిరాను. తను పెట్టె తెరిచి తన పెళ్లినాటి పోచంపల్లి చీర తీసి ఆ రెంటి పక్కన పరిచింది. "గీ చిలుకను సూడు. గట్ల కోసినట్టున్నదా? దీని చుట్టు జెర పొగ లెక్క ఉంటది. గందుకే ఎగురుతున్నట్టుంటది" అని చెప్పి బియ్యం చెరగడానికి పోయింది.

అప్పుడు కనబడింది నాకు. ఆ చీర మీద లాగే, జపాను పట్టు మీద ఉన్నది కూడా నేసిన తర్వాత అద్దిన రంగు కాదు. నెయ్యకముందే పడుగు దారాల మీద రంగు వేసి, ఆ తర్వాత మగ్గం మీద నేశారు. నేస్తుంటే దారాలు కొంచెం ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఆ జరుగుడు వల్లే ప్రతి అంచూ సన్నగా వణుకుతుంది. ఆ వణుకే దాని ప్రాణం. నేను మురికి అనుకుని దాన్నే కడిగేశాను. పోచంపల్లి చీర కట్టే ఇంట్లో పుట్టి పెరిగీ, బోర్డులు రాసి రాసి నా కళ్లకు అది కనబడకుండా పోయింది.

ఆ తర్వాత వణుకు నేర్చుకోవడానికి నానా తిప్పలు పడ్డాను. బిగువుగా పట్టుకునే అలవాటున్న చెయ్యి వదులు కాదు. పాత బ్రష్షు వెంట్రుకలు సగం కత్తిరించి చూశాను, సిరా ఎండబెట్టి గీకి చూశాను. చివరికి దువ్వెన పళ్ల మధ్య దారాలు కట్టి, వాటిని సిరాలో ముంచి లాగితే దగ్గరికి వచ్చింది. ఒక్కో గడి అంచు ఒక్కో తీరుగా లేవాలి, ఒకటి ఇంకోదాన్ని పోలకూడదు. రోజంతా కూర్చుంటే చేతిమేర కూడా పూర్తయ్యేది కాదు. కళ్లు మండేవి, మెడ పట్టేసేది. ఈసారి పంపిన నమూనాలు తిరిగి రాలేదు. బదులుగా పెద్ద ఆర్డరు వచ్చింది, ఇంకో మూట వచ్చింది. సంతోషం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ కాలాన్నే చెబుతాను. పెద్దగా ఏమీ జరగలేదు. పొద్దున్నే పనికి పోవాలనిపించేది, అంతే.

ఒకరోజు సేటు గల్లా నిండిన హుషారులో "పెయింటర్, గదే తీరుగ నీ సొంతంది ఒకటి గియ్యి. మోడర్న్ ఉండాలె" అన్నాడు. ఆదివారాలు వాగు గట్టు మీద కూర్చున్నాను. మెట్లు మెట్లుగా దిగే నీటిలో నురగ తెల్లటి గుండ్రాలుగా లేస్తుంది, దాని వెనక చిమ్నీలు, యార్డుల్లో పై నుంచి చూస్తే వలయాల్లాగా కనిపించే డ్రమ్ములు. వాళ్లు రైలును పట్టు మీద పెడితే నేను దీన్ని పెట్టలేనా అనుకున్నాను. ఊదా నేల, దాని మీద తెల్ల నురగ గుండ్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, మధ్యలో ఇటుకరంగు చిమ్నీలు తలకిందులుగా. అన్ని అంచులూ వణుకుతూ. పూర్తయ్యాక ఆ వాగు నుంచి నాకు ఏదో ఒకటి దొరికిందని ఏడుపు వచ్చినంత పనైంది.

నాయిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "మన వాగే గదా?" అన్నాడు.

"అవు నాయినా."

"గంత సక్కగ లేదురా అది" అని కాగితం నా చేతికి ఇచ్చి లేచిపోయాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను వాగును అందంగా చేసి అమ్ముతున్నానని ఆయనకు అనిపించిందేమో.

డిజైను సేటుకు నచ్చింది. అచ్చయింది. స్కార్ఫులకు చిన్న అట్టముక్కలు వేలాడదీసి ప్యాకింగు చేస్తున్నారు. అట్టముక్క మీద ఇంగ్లీషులో ఏముందో ప్యాకింగు దగ్గర చదువుకున్న పిల్లను అడిగాను. పాతకాలపు జపాను పట్టు నమూనా అని ఉందట. అన్నిటికీ అదే అట్ట, నా దానికీ అదే. సేటు దగ్గరికి పోయి "గిది నేను గీసింది గద సేట్, జపానుది ఎట్లయితది?" అన్నాను.

"మరి ఏం రాయాలె? పటాన్‌చెరు వాగు అని రాస్తే కొనెటోడు ముక్కు మూస్కుంటడు" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అదే ఇంకా కోపం తెప్పించింది. పోనీ గేటు పాసు మీద హెల్పర్ అని ఉన్నచోట ఆర్టిస్ట్ అని రాయమన్నాను. "దేఖేంగే, చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత పాసు మార్చిన ప్రతిసారీ చూసుకున్నాను, ఆఖరి పాసు దాకా హెల్పరే.

అయినా నేను ఉన్నాను. గీస్తున్నాను కదా, పేరు ఎవరిదైతే ఏమి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బొమ్మలు గీసి బతుకుతానని నాయినకు చెప్పిన మాట నిలబడే ఉంది.

రెండువేల సంవత్సరం దాటాక షెడ్డులో ఒక మూల అద్దాల గది కట్టారు. ఏసీ పెట్టారు. మనుషులకు కాదు, కంప్యూటరుకు. దాన్ని నడపడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. మంచి పిల్ల. నన్ను "అన్నా" అని పిలిచేది, తన టిఫిన్ డబ్బాలో పులిహోర ఉంటే నాకు కాస్త పెట్టకుండా తినేది కాదు. ఆ పిల్లను తిట్టుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

పట్టు ముక్కను స్కానరు మీద పరిచి మూత వేస్తే అది తెర మీదికి వచ్చేది. రంగులన్నీ దానంతటదే విడగొట్టేది. ఫిల్ము కూడా మిషన్లోంచి తయారై వచ్చేది. "మరి అంచులో?" అని అడిగాను. నా ధీమా అంతా అక్కడే ఉంది. ఆ పిల్ల ఒక గడిని తెర మీద గీసింది, నా మొదటి రోజుల గడిలాగే కత్తిలా ఉంది. "ఇటు చూడన్నా" అని ఏదో నొక్కింది. గడి వణికింది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాను. తేడా పట్టుకున్నాను కూడా. "అన్ని అంచులు ఒక్కతీరుగనే వణుకుతున్నయమ్మా. పట్టు మీద గట్లుండదు. ఏ అంచుకు గా అంచే" అన్నాను.

ఆ పిల్ల తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "నిజమే అన్నా" అంది. ఆ తర్వాత చాలా మెల్లగా, నన్ను నొప్పించకుండా అడగాలని చూస్తూ, "కానీ ఎవరు చూస్తరన్నా?" అంది.

చూస్తారనే నమ్మాను. ప్రాణం లేదని నా నమూనాలను తిప్పికొట్టినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లు దీన్ని కూడా తిప్పికొడతారని రోజూ ఆఫీసు గది వైపు చూసుకుంటూ గడిపాను. ఆర్డరు పోయింది. ఏదీ తిరిగి రాలేదు. ఇంకో ఆర్డరు వచ్చింది, అది కూడా పోయింది. తేడా నాకు మాత్రమే కనబడుతోంది. ఒక మనిషికి మాత్రమే కనబడే తేడా ఉన్నా లేకపోయినా ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది. సేటు చెడ్డవాడై, మోసం చేసి నన్ను వెళ్లగొట్టి ఉంటే కోపంతోనైనా బతికేవాణ్ని. అలా ఏమీ జరగలేదు. నా పని ఎవరికీ అక్కరలేకుండా పోయింది.

అప్పటికి మేస్త్రి సిల్కు పట్టీలన్నీ కంప్యూటరులోకి ఎక్కేశాయి. పాత పట్టు, మడత పెట్టినచోటల్లా చిట్లుతోంది, కుట్టడానికి పనికిరాదు. ఒకరోజు నేను వచ్చేసరికి ప్రింటింగు బల్లల దగ్గర కుర్రాళ్లు స్క్రీనుల కింద అంటుకున్న రంగును కిరసనాయిలు పెట్టి తుడుస్తున్నారు. చేతుల్లో ఆ పట్టీలు. "పాత బనియన్ గుడ్డలకన్న మెత్తగున్నయన్నా, స్క్రీను గీరుకపోతలేదు" అన్నాడు ఒకడు. నీలం పూల పట్టీ వాడి పిడికిట్లో ముద్దగా ఉంది. బాణాల పట్టీ నేల మీద. మెడ చార ఉన్న ముక్క కోసం వెతికాను. రంగు డబ్బా మూతకు చుట్టి ఉంది. విప్పి చూస్తే ఏది చెమటో, ఏది కిరసనాయిలో తెలియలేదు. వాళ్లను ఏమని తిడతాను? తుడుచుకోమని ఇచ్చారు, తుడుస్తున్నారు. ముక్కను మళ్లీ మూతకు చుట్టి వచ్చేశాను.

షెడ్డు మానేశాక పాత దారి పట్టాను. బోర్డులు రాద్దామని సంగారెడ్డి పోతే ఉస్తాద్ కొట్టు ఉన్నచోట ఫ్లెక్సీ దుకాణం ఉంది. పేరు చెబితే చాలు, చాయ్ తాగి వచ్చేలోపు నిలువెత్తు బోర్డు మిషన్లోంచి జారుతోంది. కొండాపూర్ వైపు పల్లెల్లో గోడల మీద రాతలకు కొన్నాళ్లు తిరిగాను. ఎరువుల ప్రకటన ఒకటి, బడి గోడ ఒకటి. తర్వాత అవి కూడా లేవు. ఇంట్లో బియ్యం తెచ్చేది తమ్ముడు. వాడు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, మా ఆవిడే ఒకరోజు కంచం ముందు పెట్టి, "పోరాదయ్య జెర" అంది. డ్రమ్ముల కాడికని విడిగా చెప్పనక్కర్లేదు. నాయిన అప్పటికి మంచం పట్టాడు. డ్యూటీలో చేరానని చెబితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. గెలిచినట్టు ముఖం పెడతాడనుకున్నాను, ఆయన కూడా ఓడిపోయినట్టే ఉన్నాడు.

డ్రమ్ముల యార్డులో పని తేలికే. నిండిన డ్రమ్మును ఒంచి, అంచు మీద తిప్పుకుంటూ తీసుకెళ్లి వరసలో పెట్టాలి. కొన్నిటి మీద నంబరూ, పుర్రె బొమ్మా పడాలి. దానికి ముందే కోసి పెట్టిన రేకు ఉంటుంది. రేకును డ్రమ్ముకు ఆనించి నల్లరంగు పూసి తీస్తే పుర్రె సిద్ధం. పళ్లు నేను పెట్టనక్కర్లేదు, రేకే పెడుతుంది. మొదటి వారం ఆ రేకు పట్టుకోవాలంటే మనసొప్పేది కాదు. తర్వాత వాసనకు అలవాటు పడినట్టే దానికీ అలవాటు పడ్డాను. ఇంట్లో నా వాసన నాకు తెలియడం మానేసింది, మా పిల్లలు చెబితేనే తెలిసేది.

ఆ ఏడు సేఫ్టీ వారోత్సవాలు వచ్చాయి. ఆ వారం కంపెనీలో జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, వర్కర్లకు పోస్టరు పోటీ పెడతారు. మేనేజరు చార్టులూ, స్కెచ్ పెన్నులూ పట్టుకుని యార్డుకు వచ్చాడు. బొమ్మలు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అప్పుడు మా తమ్ముడు, పక్క ప్లాంటు నుంచి ఏదో పని మీద వచ్చినవాడు, నన్ను చెయ్యి పట్టి ముందుకు నెట్టాడు.

"మా అన్న ఉన్నడు సార్. ఆర్టిస్టు. జపానోళ్ల డిజైన్లు గీసినోడు" అన్నాడు. వాడి గొంతులో ఎంత గర్వం. షెడ్డులో ఎవరూ నా పాసు మీద రాయని మాటను యార్డు మధ్యలో నిలబడి అందరి ముందూ గట్టిగా అన్నాడు.

మేనేజరు సంతోషపడి చార్టు నా వైపు చాపాడు. "అవునా? వేస్తారా?"

"లే సార్. నాకు రాదు" అన్నాను.

డ్యూటీ దిగి తమ్ముడూ నేనూ ఇంటికి బయల్దేరాం. వాడి సైకిలు నా పక్కనే ఉంది. ఊరు మలుపు దగ్గర దిగి, "గట్ల అబద్ధమెందుకు జెప్పినవే అన్నా? నా ఇజ్జత్ దీసినవ్" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

ఏదో ఒకటి చెబుదామని నేనూ సైకిలు దిగాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు తడబడిందా, చెయ్యి చార్టు వైపు కదిలిందా అని వెనక్కి పోయి వెతుక్కున్నాను. అలాంటిదేమీ లేదు. మేనేజరు అడిగాడు, ఉన్నమాట చెప్పాను.

"అబద్ధం గాదురా" అన్నాను.